ఫాల్సిపెయిన్-2 కొలత: ప్లేట్ చెప్పేది ఎప్పుడు నమ్మాలి

మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారమ్ ఎర్ర రక్తకణంలో దూరాక అక్కడున్న హిమోగ్లోబిన్‌నే తిని పెరుగుతుంది. దాన్ని ముక్కలు చేసే పని ఆమ్లంతో నిండిన ఆహార రిక్తిక (ఫుడ్ వాక్యుయోల్) అనే సంచిలో జరుగుతుంది. ఆ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైనది ఫాల్సిపెయిన్-2. ఇది పపెయిన్ కుటుంబం. పచ్చి బొప్పాయి ముక్క రుద్దితే వేటమాంసం మెత్తబడుతుందే, అక్కడ పనిచేసే పపెయిన్‌కు ఇది దూరపు చుట్టం. రెండింటిలోనూ కోత పెట్టేది ఒక సిస్టీన్ మీద ఉన్న గంధకం. ఈ పరీక్షలో వచ్చే సౌకర్యాలు, మోసాలు దాదాపు అన్నీ ఆ గంధకం దగ్గరే మొదలవుతాయి.

ఈ ఎంజైమ్‌కు అడ్డుపడే పదార్థాలను (ఇన్హిబిటర్లను) వెతికే పరీక్షలో అంకె రావడం చాలా తేలిక. వెల్స్ అనే చిన్న గుంటలున్న ప్లేట్ పెడితే, వెలుగును కొలిచే రీడర్ ఏదో ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె ఎంజైమ్ గురించి చెబుతోందా, రంగు గురించో మురికి గురించో చెబుతోందా అన్నది తేల్చడమే అసలు పని. ఎమ్మెస్సీ ప్రాజెక్టులోనో, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనో ఈ పరీక్ష మొదలుపెట్టేవాళ్ల కోసం పూర్తి వివరంగా రాస్తున్నాను.

ముందు సూత్రం. జెడ్-ల్యూ-ఆర్జ్-ఏఎంసీ అనే చిన్న పెప్టైడ్‌ను సబ్‌స్ట్రేట్‌గా, అంటే ఎంజైమ్ కోసే పదార్థంగా, వాడతాం. ఆర్జినైన్ తర్వాతి బంధాన్ని ఎంజైమ్ తెంచితే ఏఎంసీ విడిపోయి, 355 నానోమీటర్ల కాంతి పడినప్పుడు 460 దగ్గర నీలంగా వెలుగుతుంది. పెప్టైడ్‌కు అతుక్కుని ఉన్నంతసేపు ఆ వెలుగు చాలా తక్కువ. ల్యూసిన్ ఎందుకంటే, కోత చోటుకు రెండో స్థానంలో ఫాల్సిపెయిన్-2కు ల్యూసిన్ ఇష్టం. మన శరీరంలోని కాథెప్సిన్-ఎల్‌కు అక్కడ ఫినైల్ అలనైన్ నచ్చుతుంది, అందుకే దానికి జెడ్-ఫీ-ఆర్జ్-ఏఎంసీ వాడతారు. ఏఎంసీతో ఇంకో మేలు ఉంది. దాని వెలుగు పీహెచ్ 5.5 దగ్గర కూడా పెద్దగా తగ్గదు. 4-మిథైల్ అంబెల్లిఫెరోన్ అయితే ఆమ్లంలో బాగా మసకబారుతుంది, క్షారం పోసి ఆపాక గానీ చదవలేం. ఏఎంసీతో క్షణక్షణం చూస్తూ పోవచ్చు.

బఫర్ 100 మిల్లీమోలార్ సోడియం ఎసిటేట్, పీహెచ్ 5.5. లీటరుకు సోడియం ఎసిటేట్ ట్రైహైడ్రేట్ 11.5 గ్రాములు, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం సుమారు 0.9 మి.లీ. లెక్క ప్రకారం 5.5 రావాలి గానీ, ఈ గాఢతలో మీటరు కాస్త తక్కువ చూపిస్తుంది. కొద్ది చుక్కల సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేయండి. ఇందులో లోహాలను పట్టేసే ఈడీటీఏ 1 మిల్లీమోలార్ తప్పకుండా కలపాలి. జింక్ లాంటి లోహపు అయాన్లు సిస్టీన్ గంధకాన్ని పట్టుకుంటాయి. తయారీలో జింక్ వాడిన సమ్మేళనాల్లో కాస్త జింక్ మిగిలిపోయినా, పరీక్షలో ఆ సమ్మేళనమే గొప్ప ఇన్హిబిటర్‌లా కనిపిస్తుంది. ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కూడా 0.01 శాతం ఉండాలి, ఎందుకో తర్వాత చెబుతాను. ఏళ్ల తరబడి తెరిచి ఉన్న ట్రైటన్ సీసా మాత్రం వాడకండి. పాతబడిన ట్రైటన్‌లో పెరాక్సైడ్లు పేరుకుంటాయి, అవి మళ్లీ ఆ గంధకం మీదే పడతాయి.

సిస్టీన్ గంధకాన్ని ఆక్సీకరణ నుంచి కాపాడే డీటీటీ 10 మిల్లీమోలార్, ఏ రోజుకారోజు కలపాలి. 1 మోలార్ స్టాక్‌కు మిల్లీలీటరుకు 154 మిల్లీగ్రాములు. చిన్న చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో గడ్డకట్టించి, ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా పారేయండి. నిన్న కలిపిన బఫర్‌తో ఇవాళ కొలిస్తే వేగం తగ్గి కనిపిస్తుంది, ఎంజైమ్ పాడైందనుకుని వారం రోజులు వృథా అవుతాయి.

సబ్‌స్ట్రేట్ 10 మిల్లీమోలార్ స్టాక్ డీఎంఎస్ఓ అనే ద్రావణిలో, చీకట్లో, మైనస్ 20లో. తూకానికి ముందు సీసా మీద అణుభారం చూడండి. హైడ్రోక్లోరైడ్ లవణం అయితే సుమారు 615, లవణం కాకపోతే 579. రెండూ కలగాపులగం చేస్తే గాఢతలో ఆరు శాతం తప్పు, ఆ తప్పు కేఎమ్‌లోకి (వేగం గరిష్ఠంలో సగానికి చేరే సబ్‌స్ట్రేట్ గాఢత), అక్కడి నుంచి కేఐలోకి (ఇన్హిబిటర్ ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే స్థిరాంకం) పాకుతుంది.

ఎంజైమ్ సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాలి. ఫాల్సిపెయిన్-2ను ఈ.కోలై బాక్టీరియాలో తయారుచేస్తే మామూలుగా కరగని ముద్దలుగా వస్తుంది. ఆ ముద్దలను గ్వానిడీన్‌లోనో యూరియాలోనో విప్పి, గ్లూటాథయోన్ రెండు రూపాలూ ఉన్న బఫర్‌లో బాగా పలచగా చేసి మళ్లీ మడత పెట్టించాలి. తర్వాత పీహెచ్ తగ్గించి డీటీటీ కలిపితే అది తన ముందున్న ప్రోడొమైన్ అనే అదనపు భాగాన్ని తానే కోసుకుని సుమారు 27 కిలోడాల్టన్ల పరిపక్వ రూపానికి వస్తుంది. ఇంత జరిగాక, ప్రోటీన్ ఎంతుందో రంగుతో కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పరీక్షలో మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని తేలితే సంతోషంగా అదే ఎంజైమ్ గాఢత అని రాసేస్తారు. అది ప్రోటీన్ గాఢత మాత్రమే. అందులో సరిగ్గా మడతపడినది ఎంత, గంధకం చెడకుండా ఉన్నది ఎంత అన్నది బ్రాడ్‌ఫర్డ్‌కు తెలియదు.

దానికి ఈ-64 ఉంది. పపెయిన్ కుటుంబంలోని పనిచేసే సిస్టీన్‌కు ఇది ఒకటికి ఒకటిగా అతుక్కుని మళ్లీ విడవదు. ప్రోటీన్ లెక్కలో 1 మైక్రోమోలార్ ఎంజైమ్‌ను డీటీటీతో పది నిమిషాలు మేల్కొలిపి, ట్యూబులుగా పంచి, ఈ-64ను 0 నుంచి 1.2 మైక్రోమోలార్ దాకా మెట్లుమెట్లుగా వేయండి. గది ఉష్ణోగ్రతలో అరగంట. తర్వాత ఒక్కో ట్యూబు నుంచి కొద్దిగా తీసి, బాగా పలచన చేసి, మిగిలిన వేగం కొలవండి. ఈ-64 గాఢత అడ్డంగా, వేగం నిలువుగా గీస్తే సూటిగా కిందికి దిగే గీత వస్తుంది. అది అడుగు గీతను 0.4 దగ్గర తాకిందంటే, ఒకటి అనుకున్న ఎంజైమ్‌లో పనిచేసేది 0.4 మాత్రమే. మడత పెట్టించిన ప్రతి బ్యాచ్‌కూ ఇది మళ్లీ చేయాలి. ఈ ఒక్క పూట పని చేయకుండా వేసిన కేక్యాట్ (ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు చేసే కోతల సంఖ్య) విలువను నేను నమ్మను.

ప్లేట్ విషయానికి వద్దాం. 96 వెల్స్ ఉన్న నల్ల ప్లేట్. తెల్ల ప్లేట్‌లో వెలుగు ఒక వెల్ నుంచి పక్క వెల్‌లోకి పాకుతుంది. ఒక్కో వెల్‌లో మొత్తం 100 మైక్రోలీటర్లు: పనిచేసే ఎంజైమ్ 60 నానోమోలార్ ఉన్న బఫర్ 50, డీఎంఎస్ఓలో నూరు రెట్లు గాఢంగా ఉన్న సమ్మేళనం 1, సబ్‌స్ట్రేట్ మిశ్రమం 49. చివరికి ఎంజైమ్ 30 నానోమోలార్, సబ్‌స్ట్రేట్ 25 మైక్రోమోలార్ అవుతాయి. 105 వెల్స్ లెక్కన చేసుకుంటే సబ్‌స్ట్రేట్ మిశ్రమం 5.15 మి.లీ., అందులో 10 మిల్లీమోలార్ స్టాక్ 26 మైక్రోలీటర్లు. డీఎంఎస్ఓ మొత్తం 1.25 శాతం అవుతుంది. సమ్మేళనం లేని కంట్రోల్ వెల్స్‌లో కూడా ఆ ఒక్క మైక్రోలీటరు డీఎంఎస్ఓ వేయాలి. వేయకపోతే డీఎంఎస్ఓ చేసిన పని సమ్మేళనం ఖాతాలో పడుతుంది.

వరస: ఎంజైమ్, సమ్మేళనం, కలిపి పది నుంచి ముప్పై నిమిషాలు, చివర్లో సబ్‌స్ట్రేట్. ఆ నిరీక్షణ ఎంతో ముందే నిర్ణయించుకుని, ప్లేట్లన్నిటికీ అదే పాటించండి. ఒక మైక్రోలీటరు డీఎంఎస్ఓ బరువుగా అడుగుకు దిగి కూర్చుంటుంది. మూడు నాలుగు సార్లు పిపెట్‌తో పైకీ కిందికీ లాగి కలపకపోతే ఒకే సమ్మేళనం పక్కపక్క వెల్స్‌లో రెండు రకాలుగా చెబుతుంది. బుడగ కనిపిస్తే శుభ్రమైన సూదితో పగలగొట్టండి. ఒక్క బుడగ చాలు, ఆ వెల్ గీత మధ్యలో మెట్టులా ఎగిరి పడుతుంది.

రీడర్‌లో పది పదిహేను సెకన్లకోసారి, ఐదు నిమిషాలు చదవండి. మొదటి అర నిమిషం ప్లేట్ ఇంకా వేడి పట్టదు కాబట్టి గీత వంగి ఉంటుంది, దాన్ని వదిలేయాలి. తర్వాతి నిటారు భాగం వాలే మనకు కావలసిన వేగం. సబ్‌స్ట్రేట్‌లో పది శాతం, అంటే ఇక్కడ 2.5 మైక్రోమోలార్, ఖర్చయ్యేలోపే కొలత ముగియాలి. అది ఎప్పుడు దాటుతుందో తెలియాలంటే విడి ఏఎంసీతో 0 నుంచి 5 మైక్రోమోలార్ దాకా, అదే బఫర్‌లో, అదే ప్లేట్ మీద, అదే గెయిన్‌లో స్టాండర్డ్ గీత ఉండాలి. కంట్రోల్ వెల్ రెండు నిమిషాలకే వంగిపోతుంటే ఎంజైమ్ ఎక్కువైనట్టు. సగానికి తగ్గించండి. అరగంట తర్వాత ఒక్కసారి చదివి అదే లెక్క అనుకునే పద్ధతిని ఈ పరీక్షలో పూర్తిగా మానేయమని చెబుతాను. కంట్రోల్ ఎప్పుడో సబ్‌స్ట్రేట్ అయిపోయి ఆగిపోయి ఉంటుంది, బలహీనంగా అడ్డుపడిన వెల్ ఈలోగా దాన్ని అందుకుంటుంది. ఇన్హిబిటర్ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది.

ప్లేట్ బాగుందో లేదో జెడ్-ప్రైమ్ చెబుతుంది. జాంగ్, చుంగ్, ఓల్డెన్‌బర్గ్ 1999లో ఇచ్చిన కొలమానం ఇది. రెండు కంట్రోళ్ల ప్రామాణిక విచలనాలు కూడి, మూడుతో హెచ్చించి, సగటుల తేడాతో భాగించి, ఒకటి నుంచి తీసేయాలి. మామూలు వెల్స్ సగటు వేగం 120, విచలనం 5. 10 మైక్రోమోలార్ ఈ-64 వేసినవి సగటు 2, విచలనం 1 అనుకుందాం. మూడు ఆరుల పద్దెనిమిది, తేడా 118, జెడ్-ప్రైమ్ 0.85. చక్కటి ప్లేట్. 0.5 కంటే తగ్గితే ఆ ప్లేట్‌లోని సమ్మేళనాల మీద తీర్పు ఇవ్వకూడదు. తగ్గడానికి మామూలు కారణం అంచు వెల్స్ ఆరిపోవడం. కంట్రోళ్లన్నీ ఒకే అంచు నిలువు వరసలో పెట్టే అలవాటు ఉంటే మార్చుకోండి.

ఇక మోసాల సంగతి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో ఎక్కువ కాలం పెట్టాల్సింది ఇక్కడే.

అన్నిటికంటే పెద్దది ముద్దకట్టడం. కొన్ని సమ్మేళనాలు మైక్రోమోలార్ గాఢతల్లోనే నీళ్లలో కంటికి కనపడని ఉండలుగా చేరతాయి. ఆ ఉండ పైభాగానికి ఎంజైమ్ అంటుకుని పని మానేస్తుంది. సమ్మేళనం వెళ్లి కోత చోటులో కూర్చున్నది ఏమీ లేదు. చాగాస్ వ్యాధి కలిగించే ట్రిపనోసోమా క్రూజీలో క్రూజైన్ అనే ఇదే కుటుంబపు ఎంజైమ్ ఉంది. దాని మీద సుమారు 2 లక్షల సమ్మేళనాలను పరీక్షించిన ఫలితాలు 2010లో వచ్చాయి. డిటర్జెంట్ లేకుండా హిట్లుగా, అంటే ఎంజైమ్‌ను ఆపినట్టుగా, తేలిన వాటిలో అత్యధిక భాగం ఇలా ముద్దకట్టేవే. బఫర్‌లో 0.01 శాతం ట్రైటన్ అందుకే. అనుమానం వస్తే ట్రైటన్‌తోనూ లేకుండానూ పక్కపక్కన కొలవండి. ట్రైటన్ లేనప్పుడు 2 మైక్రోమోలార్ ఐసీ50 (వేగాన్ని సగానికి తగ్గించే గాఢత) చూపించినది, ట్రైటన్ పడగానే 100 దాటిపోతే దాన్ని అక్కడితో వదిలేయొచ్చు. ఇంకో గుర్తు, మోతాదు గీత మరీ నిటారుగా పడిపోవడం. ఆ నిటారుతనాన్ని కొలిచే హిల్ వాలు 2 దాటితే అనుమానించండి. ఎంజైమ్‌ను పది రెట్లు పెంచితే అడ్డు మాయమవడం, సెంట్రిఫ్యూజ్‌లో గట్టిగా తిప్పాక పైతేటలో అడ్డే లేకపోవడం కూడా దీని లక్షణాలే.

రెండోది డీటీటీతో కలిసి చేసే దొంగపని. క్వినోన్ లాంటి సమ్మేళనాలు డీటీటీ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని ఆక్సిజన్‌కు ఇస్తూ హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేస్తూనే ఉంటాయి. ఆ పెరాక్సైడ్ ఎంజైమ్ గంధకాన్ని కాల్చేస్తుంది. ఐసీ50 చూస్తే ముచ్చటగా ఉంటుంది, గీత కూడా చక్కగా వస్తుంది, అందుకే ఇది ముద్దకట్టడం కంటే ఎక్కువ మందిని దారి తప్పిస్తుంది. పట్టుకోవడం తేలిక. కాటలేజ్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు వేసి మళ్లీ కొలవండి. అడ్డు పోయిందంటే అది పెరాక్సైడ్ పనే. లేదా డీటీటీ బదులు సిస్టీన్‌నో బీటా-మెర్కాప్టోఇథనాల్‌నో వాడి చూడండి. ఇవి బలహీనమైనవి కాబట్టి ఆ చక్రం తిరగదు.

మూడోది వెలుగును మింగడం. పసుపు, నారింజ రంగు సమ్మేళనాలు 355 దగ్గరో 460 దగ్గరో కాంతిని పీల్చుకుంటాయి. ఎంజైమ్ హాయిగా పనిచేస్తున్నా రీడర్‌కు వెలుగు అందదు. పసుపులోని కర్క్యుమిన్‌ను ఉదాహరణగా తీసుకోండి. అది 425 నానోమీటర్ల దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది, పైగా తానే వెలుగుతుంది, థయోళ్లతో, అంటే సిస్టీన్ మీద ఉన్నటువంటి గంధకంతో, చర్య జరుపుతుంది, ముద్ద కూడా కడుతుంది. మొక్కల సారాలతో పనిచేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బంది. వేపాకు సారమో తులసి సారమో నేరుగా వెల్‌లో పోసి, వెలుగు తగ్గింది కాబట్టి ఎంజైమ్ ఆగింది అని రాయకూడదు. టానిన్లు ఏ ప్రోటీన్‌నైనా పట్టి కూర్చోబెడతాయి, ఫాల్సిపెయిన్ అయినా, పాలలోని కేసిన్ అయినా వాటికి ఒకటే. పరీక్ష ఇది: ఎంజైమ్ లేకుండా 5 మైక్రోమోలార్ విడి ఏఎంసీలో సమ్మేళనం వేసి చదవండి. వెలుగు పది శాతం కంటే ఎక్కువ తగ్గితే ఆ గాఢత దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. సమ్మేళనం తానే వెలిగేదైతే మాత్రం వాలు కొలిచే పద్ధతి కాపాడుతుంది, ఎందుకంటే ఆ వెలుగు స్థిరంగా ఉంటుంది, పెరగదు.

ఇవన్నీ దాటిన సమ్మేళనానికి పది గాఢతల్లో, మూడేసి వెల్స్‌తో, వేరువేరు రోజుల్లో ఐసీ50 తీయండి. ఆ ఐసీ50 సబ్‌స్ట్రేట్ ఎంత వేశామన్న దాన్ని బట్టి మారుతుంది. సబ్‌స్ట్రేట్‌తో పోటీపడే ఇన్హిబిటర్‌కు కేఐ కావాలంటే ఐసీ50ను, సబ్‌స్ట్రేట్ గాఢతను కేఎమ్‌తో భాగించి ఒకటి కలిపిన సంఖ్యతో భాగించాలి. కేఎమ్ 5 మైక్రోమోలార్, సబ్‌స్ట్రేట్ 25 అయితే ఆ సంఖ్య 6. ఐసీ50 600 నానోమోలార్ అంటే కేఐ 100. కేఎమ్ మాత్రం మీ బఫర్‌లో, మీ ఎంజైమ్‌తో మీరే తీసినది కావాలి. ఇంకో హద్దు ఉంది: 30 నానోమోలార్ ఎంజైమ్‌లో సగాన్ని ఆపడానికే 15 నానోమోలార్ ఇన్హిబిటర్ కావాలి. కాబట్టి ఐసీ50 15, 20 అని వస్తుంటే ఎంజైమ్ ఎంత ఉందో కొలుస్తున్నారని అర్థం. ఎంజైమ్‌ను తగ్గించండి, లేదా ఎంజైమ్‌కు అతుక్కున్న ఇన్హిబిటర్‌ను కూడా లెక్కలోకి తీసుకునే మారిసన్ సమీకరణంతో లెక్కగట్టండి.

సిస్టీన్‌కు అతుక్కునే గుణం ఉన్న వాటికి, ఉదాహరణకు వినైల్ సల్ఫోన్లకు, ఐసీ50 అనే మాటకే నిలకడ లేదు. ఐదు నిమిషాలు ఆగితే ఒకటి, గంట ఆగితే మరొకటి. విడవకుండా పట్టుకునేదా కాదా అని తేల్చడానికి పలచన పరీక్ష బాగుంటుంది. 3 మైక్రోమోలార్ ఎంజైమ్, దానికంటే ఎక్కువగా ఉండేలా పది ఐసీ50ల సమ్మేళనం, అరగంట. అందులో 1 మైక్రోలీటరు తీసి సబ్‌స్ట్రేట్ ఉన్న 99 మైక్రోలీటర్లలోకి. సమ్మేళనం ఇప్పుడు ఐసీ50లో పదో వంతు. విడిపోయేదైతే వేగం తొంభై శాతం దాకా లేస్తుంది. పట్టుకున్నదైతే గీత చప్పగా పడి ఉంటుంది. నెమ్మదిగా విడిచేదైతే గీత మొదట చప్పగా ఉండి, పోనుపోను పైకి వంగుతుంది. ఈ మూడో రకాన్ని రెండోదిగా పొరబడకుండా పది పదిహేను నిమిషాలు చదవండి. పట్టుకునేవాటికి ఐసీ50 రాయడం మానేసి, ఎంత వేగంగా పట్టుకుంటుందో ఆ స్థిరాంకం రాయాలి.

పరాన్నజీవి నుంచే తీసిన రసంతో కొలవాలనుకుంటే ఒక జాగ్రత్త. ట్రోఫోజోయిట్ దశలో (హిమోగ్లోబిన్‌ను ఎక్కువగా తినే, ఎదిగిన దశ) ఉన్న కల్చర్‌ను 0.1 శాతం సపోనిన్‌తో పగలగొట్టి, పైతేట తేరేదాకా పీబీఎస్‌తో కడగాలి. హీమ్ మిగిలితే వెలుగును మింగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అలవాటు కొద్దీ ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కాక్‌టెయిల్ వేయకండి. మామూలు కాక్‌టెయిళ్లలో ఈ-64 గానీ ల్యూపెప్టిన్ గానీ ఉంటుంది. కొలవబోయే ఎంజైమ్‌ను ముందే చంపేసినట్టవుతుంది. ఈ రసంలో వేరే ప్రోటియేజులూ ఉంటాయి కాబట్టి, ఈ-64తో ఆగిపోయిన భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి; అందులోనూ ఫాల్సిపెయిన్-2, 3 రెండూ కలిసే ఉంటాయి.

చిన్న పెప్టైడ్ హిమోగ్లోబిన్ కాదన్నది కూడా గుర్తుండాలి. ఫాల్సిపెయిన్-2కు హిమోగ్లోబిన్‌ను పట్టుకునే ఒక చేయి లాంటి భాగం కోత చోటుకు దూరంగా ఉంది. దానికి అడ్డుపడే సమ్మేళనం ఏఎంసీ పరీక్షలో అసలు కనపడదు. అందుకని హిమోగ్లోబిన్‌ను ఎంజైమ్‌తో పీహెచ్ 5.5లో, గ్లూటాథయోన్‌తో, 37 డిగ్రీల దగ్గర ఉంచి, జెల్ మీద 15 కిలోడాల్టన్ల దగ్గరి పట్టీ తరుగుతోందో లేదో చూడటం మంచిది. ఇన్హిబిటర్ ఉన్న గాడిలో ఆ పట్టీ అలాగే ఉండాలి.

తర్వాత, మన సొంత ఎంజైములను కూడా ఆపుతోందేమో చూడటానికి, కాథెప్సిన్-ఎల్, బీ, కే మీద అదే పద్ధతిలో కొలత. ఆ తర్వాత పరాన్నజీవి. 5 శాతం సార్బిటాల్‌తో పరాన్నజీవులన్నిటినీ ఒకే దశకు తెచ్చి, తొలి దశ అయిన రింగ్ దశలో సమ్మేళనం వేసి, ట్రోఫోజోయిట్లు అయ్యేసరికి పూత తీసి జీమ్సా రంగు వేయండి. పక్కనే ఈ-64 వేసిన కల్చర్ కంట్రోల్‌గా ఉండాలి. అందులో ఆహార రిక్తిక అరగని హిమోగ్లోబిన్‌తో ఉబ్బి, ముదురుగా కనిపిస్తుంది. మామూలు పరాన్నజీవిలో అక్కడ చిన్న గోధుమరంగు గింజ మాత్రమే ఉంటుంది. సమ్మేళనం పరాన్నజీవిని చంపుతున్నా ఆ ఉబ్బు లేదంటే, అది చంపేది వేరే దారిలో. పెరుగుదలను మాత్రమే కొలిచే 72 గంటల సైబర్ గ్రీన్ పరీక్ష ఒక్కటే చేసి ఊరుకుంటే ఈ తేడా తెలియదు.

ఫాల్సిపెయిన్-2 ఒక్కటే ఆపితే సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు 2004లోనే వచ్చింది. తర్వాత హైదరాబాద్ సీసీఎంబీలో చేరిన పూరన్ సింగ్ సిజ్వాలి, అప్పట్లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిలిప్ రోసెంథాల్‌తో కలిసి, ఆ జన్యువునే చెరిపేసిన పరాన్నజీవులను తయారు చేశారు. ట్రోఫోజోయిట్ దశలో హిమోగ్లోబిన్ పేరుకుంది, రిక్తిక ఉబ్బింది, అయినా పరాన్నజీవి తర్వాత తేరుకుంది. మిగిలిన ఫాల్సిపెయిన్లు ఆదుకున్నాయి. కాబట్టి ఫాల్సిపెయిన్-2 మీద పది నానోమోలార్ చూపించిన సమ్మేళనాన్ని, కొత్త ప్లేట్ పెట్టి, ఫాల్సిపెయిన్-3 మీద కూడా అంత జాగ్రత్తగానూ కొలవాలి.